దుబాయి పొట్టుపొయ్యి

మొన్న గురువారం పొద్దున తుబ్లీలో మా వర్క్‌షాపు ముందు నిలబడి టీ తాగుతుంటే ఫోన్లో ఒక ఫొటో వచ్చింది. పంపింది మా దగ్గర పనిచేసే మలయాళీ టెక్నీషియన్. ఏదో విల్లాకి ఏసీ చూడటానికి వెళ్తే, ఆ ఇంటివాళ్ళు పొయ్యి కూడా ఓసారి చూడమన్నారట. ఫొటోలో పొయ్యి అద్దమంతా నలుపు. పొగగొట్టం మూత విప్పి లోపలిది కూడా తీశాడు. తారు పూసినట్టు నిగనిగలాడుతోంది. కింద హిందీలో, ‘సార్, ఇదేంటి? మసేనా?’ అని రాశాడు. మసి కాదు భాయ్, దాన్ని క్రియోసోట్ అంటారు, కట్టె గాలి చాలక సరిగా మండకపోతే ఆ పొగ చల్లటి గొట్టానికి అంటుకుని ఇలా జిగురుగా గడ్డకడుతుంది, ముట్టించకుండా ఉంచు, నేనే వస్తున్నాను అని జవాబు పెట్టాను. పెట్టాక టీ చల్లారిపోయేదాకా ఆ ఫొటోనే చూస్తూ నిలబడ్డాను. ఆ నలుపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు దాన్ని నేనే తయారుచేశాను, దాని ఫలితం మాత్రం ఇంకొకరు అనుభవించారు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు.

బహ్రెయిన్‌లో చలికాచుకునే పొయ్యేమిటి అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను. ఇక్కడ ఏడాదిలో తొమ్మిది నెలలు ఏసీలు ఆగితే మనుషులు ఆగిపోయేట్టుంటుంది, నా ఉద్యోగం నిలబడింది ఆ తొమ్మిది నెలల మీదే. కానీ జనవరిలో సముద్రం మీంచి గాలి తిరిగితే, పాలరాయి పరిచిన పెద్దపెద్ద గదుల్లో చలి నేలలోంచి పాకుతుంది. ముసలివాళ్ళకి మోకాళ్ళు పట్టేస్తాయి. వెనకటి రోజుల్లో ఇళ్ళలో బొగ్గుల కుంపటి పెట్టుకునేవారట. జిదాఫ్స్ దాటాక ఖర్జూరపు తోటల పక్కనున్న ఒక ఇంట్లో, ఆ కుంపటి పొగ ముసలావిడకి పడటం లేదని కొడుకు చలిదేశం నుంచి ఓడలో ఒక పొయ్యి తెప్పించాడు. నల్లటి ఇనప బీరువాకి అద్దం తలుపు పెట్టినట్టుంటుంది. వెనక డబ్బాలో కట్టెపొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలు పోస్తే, లోపల ఒక మర తిరుగుతూ కొద్దికొద్దిగా వాటిని నిప్పులోకి తోస్తుంది. ఆ గుళికలు అచ్చం కోళ్ళఫారంలో వేసే దాణాలాగే ఉంటాయి. ఈ సంగతి మా అమ్మకి ఫోన్లో చెబితే ఒకటే నవ్వు. ఆమెకి గల్ఫంతా దుబాయే. “దుబాయిల గుడ పొట్టుపొయ్యి పెట్టుకుంటున్రార? మరి నువ్వు గంత దూరం పోవుడెందుకు, మనింట్లనే ఉండె గద!” అంది.

మనింట్లో ఉండేది, నిజమే. మాది జగిత్యాల అవతల. మా నాన్న కోతమిషన్‌లో పనిచేసేవాడు కాబట్టి కట్టెపొట్టు సంచులకొద్దీ వచ్చేది. రేకు డబ్బాకి కింద పక్కన ఒక బొక్క కొట్టి, నడిమధ్య ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి పిడికిలితో దట్టించి దట్టించి, చివర సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగేయాలి. లాగేటప్పుడు పొట్టు కూలిందా, మళ్ళీ మొదటికి. నేను చాలాసార్లు కూల్చాను, దానికి తగ్గట్టు వీపు మీద తిన్నాను. మంట అంటుకున్నాక మా అమ్మ కింద బొక్కకి ఒక పెంకుముక్క అడ్డం పెట్టేది, కొంచెం సందు మాత్రం వదిలి. గాలి తగ్గిస్తే పొట్టు నిదానంగా రాజుకుంటుంది, ఒక్క డబ్బాతో అన్నం, పప్పు, ఆపైన స్నానాలకి నీళ్ళు అన్నీ అయిపోతాయి. మా వాడలో ఆ పెంకుముక్క కొలత మా అమ్మకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పేరు. వాకిట్లో, ఆకాశం కింద, పొగ ఎటుపోతే మాకేమిటన్నట్టు మండే పొయ్యి అది. ఈ చివరి మాట అప్పట్లో నా బుర్రలోకి రాలేదు. వచ్చి ఉంటే ఇదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

నేను మొదట వచ్చింది అస్కర్ క్యాంపుకి. అల్యూమినియం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, ఓవర్‌టైం దొరికితే అదే పండగ. అక్కడ ఏసీల పని చూసి చూసి నేర్చుకుని, నాలుగేళ్ళకి తుబ్లీలో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పడ్డాను. చల్లదనం అమ్ముకునేవాణ్ణి అయ్యేసరికి నాకు కొంచెం మిడిసిపాటు కూడా వచ్చింది. ఏ యంత్రం చూసినా చెవి ఆనించి విని తల పంకించేవాణ్ణి. జిదాఫ్స్ ఇంట్లో ఏసీల కాంట్రాక్టు మాదే. పొయ్యి మాది కాదు, దాన్ని బిగించినవాళ్ళు వేరే. ఆ ఇంట్లో పనిచేసే ఆమెది కోనసీమ. ముప్పయ్యయిదు దాటి ఉంటాయి. మాట మెత్తన, పని గట్టి. మొదటిరోజు నేను ఫోన్లో మా ఊరివాడితో మాట్లాడుతుంటే విని, కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “మీరు తెలుగువాళ్ళా అన్నయ్యా!” అంది. ఆ రోజు నుంచి నేను ఆమెకి అన్నయ్యని, ఆమె నాకు చెల్లె. మా ఇద్దరికీ వచ్చిన పెద్ద తగువల్లా పొయ్యిల గురించే. వాళ్ళ వైపు ఊకపొయ్యి. ఊక మంటకి పొట్టు మంట సరిరాదని ఆమె, ఊకకి నోరెక్కువ బలం తక్కువ అని నేను. ఏసీ ఫిల్టర్లు కడిగినంతసేపూ ఈ వాదన నడిచేది.

ఆమెకి ఆ సంవత్సరం ఒకటే ధ్యాస. మార్చి నెలలో రెండేళ్ళ కాంట్రాక్టు పూర్తయి సెలవు మీద ఇంటికి వెళ్ళాలి. కూతురికి ఓణీల ఫంక్షన్. పిల్ల పెద్దమనిషై ఏడాది దాటినా, అమ్మ వచ్చాకే ఓణీ కట్టుకుంటానని మొండికేసి కూర్చుందట. అత్తగారు ఎన్నిసార్లు ముహూర్తం పెట్టించినా ఆ పిల్ల లంగా జాకెట్టు తీసి పెట్టెలో పడేసిందట. ఈ కథ చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కోపం నటించేది గానీ, గొంతులో గర్వం దాగేది కాదు. ఆ ఇంటి మేడం, అంటే ముసలావిడ కోడలు, కూడా మాటిచ్చింది, టిక్కెట్టు తనే తీస్తానంది. ఇంట్లో అందరూ ‘యుమ్మా’ అని పిలిచే ఆ ముసలావిడ మాత్రం, వెళ్తే మళ్ళీ రావేమోనని ఆమె చెయ్యి పట్టుకుని వదిలేది కాదు. ముసలావిడ కాళ్ళకి నూనె రాసి, మేజోళ్ళు తొడిగి, పొయ్యి ముందు కుర్చీలో కూర్చోబెట్టడం ఈమె పని. ఈమె చేతులు తప్ప ఇంకెవరి చేతులూ ఆవిడకి పనికిరావు.

ఆ నవంబరు చివర్లో ఏసీలు శుభ్రం చేసి కవర్లు కట్టడానికి వెళ్ళాను. అప్పటికే సాయంత్రాలు పొయ్యి వెలిగిస్తున్నారు. ఆమె నడుం పట్టుకుని వంగి నడుస్తోంది. గుళికల బస్తా పదిహేను కిలోలు, పెరట్లో కొట్టు నుంచి హాల్లోకి మోసుకురావాలి, సాయంత్రం పోసింది మర్నాటికి ఖాళీ. “ఇదేం పొయ్యన్నయ్యా, ఆబగా తినేస్తోంది. కొంచెం నిదానంగా మండేలా చెయ్యలేమా?” అని అడిగింది. అడిగింది పాపం అంతే. నేను వంగి చూశాను. పొయ్యి అడుగున గాలి వెళ్ళే సందు, దాని మీద అటూఇటూ జరిగే చిన్న ఇనప పట్టీ. నాకు వెంటనే మా అమ్మ పెంకుముక్క కనిపించింది. పట్టీని మూడొంతులు మూసేశాను. ఎగిరెగిరి మండే పసుపుపచ్చటి మంట ఎర్రగా, సన్నగా, బద్ధకంగా అయింది. “చూసినవా చెల్లె, గాలి జర తగ్గిస్తే పొట్టు రెండింతలు వస్తది. మా అమ్మ దగ్గర నేర్సుకున్న” అన్నాను. జేబులోంచి ఎర్ర మార్కరు తీసి, పట్టీ ఎక్కడ ఆగాలో అక్కడ గీత కూడా గీశాను. “దీనికి ఇటు రావద్దు, అటు పోవద్దు, సరేనా?” అన్నాను. ఆమె బుద్ధిగా తల ఊపింది. పని అయ్యాక ఊకపొయ్యి ఓడిపోయిందని ఒప్పుకోవాల్సిందేనని వేళాకోళం చేస్తే ఒప్పుకుంది కూడా. ఆ పూట నేను చాలా సంతోషంగా వర్క్‌షాపుకి తిరిగి వచ్చాను.

నిజంగానే బస్తా రెండు రోజులు రావడం మొదలైంది. డిసెంబరులో ఒకసారి ఫోన్ చేసింది. “అన్నయ్యా, అద్దం రోజూ నల్లబడిపోతోందండి. పొద్దున్నే వెనిగర్ పోసి తోముతున్నాను గానీ, ముందర ఇంత నలుపు ఉండేది కాదు. ఏమన్నా తేడా అంటారా?” నేను అప్పుడు ఎవరి డాబా మీదో ఏసీ మోటారు విప్పుకుని ఉన్నాను. “ఏం గాదు చెల్లె, పొయ్యన్నంక మసి కాదా? తుడువు” అని పెట్టేశాను. ఆమె తుడిచింది. అద్దం ఎప్పుడూ తళతళలాడేలా తుడిచింది కాబట్టే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. అద్దం మీద పడినదాన్ని ఆమె తోమేస్తుంటే, కంటికి కనపడని గొట్టంలో మిగతాదంతా పొరలుపొరలుగా పేరుకుంటోంది. ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్ళకి నేను చెప్పే మొదటి పాఠం ఇదే. అద్దం నల్లబడితే తుడవకండి, పొయ్యి ఏదో చెబుతోంది, ముందు అది వినండి అంటాను. వాళ్ళు నన్ను అనుభవజ్ఞుణ్ణని అనుకుంటారు.

జనవరిలో ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు అయిన కాసేపటికి, పొయ్యి మూలిగినట్టు చప్పుడు చేసి ఆగిపోయిందట. గొట్టం పూడుకుపోయి పొగ వెళ్ళే దారిలేక తలుపు సందుల్లోంచి హాల్లోకి తన్నింది. ముసలావిడ కుర్చీలోంచి లేవలేక దగ్గుతుంటే, మా చెల్లె ఆవిణ్ణి కుర్చీతో సహా వరండాలోకి లాక్కుపోయింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఒకరోజు ఉంచి పంపించారు. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. పొయ్యి బిగించినవాళ్ళు దొరకలేదు. ఏసీ గొట్టాలు శుభ్రం చేసేవాళ్ళు పొగగొట్టం చెయ్యలేరా అని మేడం మా ఆఫీసుకి ఫోన్ చేసింది. మా ఫోర్‌మన్ నన్ను పంపించాడు. వెళ్ళేముందు ఒక పూటంతా వీడియోలు చూసి, ఎలా విప్పాలో, ఏది ఏ వరసలో చూడాలో చదువుకుని వెళ్ళాను. గాలి తక్కువైతే ఏం జరుగుతుందో కూడా ఆ వీడియోల్లో ఉంది. ఆ ముక్కని మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. అయినా వేరే కారణం ఏదో ఒకటి దొరక్కపోతుందా అని మొక్కుకుంటూ వెళ్ళాను.

తివాచీ పాడవకుండా ఆమె పాత పేపర్లు పరిచి, టార్చి పట్టుకుని నా పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను ముందు గుళికలు చూశాను. తేమ తగిలిన గుళిక మెత్తబడి పొడైపోతుంది, సముద్రం పక్కన ఊరు కాబట్టి అదే అయి ఉండాలని నా ఆశ. ఒకటి తీసి విరిస్తే టక్కున విరిగింది. గ్లాసు నీళ్ళలో వేస్తే నేరుగా అడుక్కి పోయింది, మంచి సరుకు అలాగే మునుగుతుంది. ఆమె బస్తాల కింద చెక్కలు వేసి, విప్పినవాటిని మూత డ్రమ్ములో పోసి ఉంచింది. మా ఇంట్లో బియ్యం కూడా అంత భద్రంగా ఉండవు. తరవాత తలుపు అంచున సందు మూసే తాడు. కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగితే రాలేదు, గట్టిగానే ఉంది. ఫ్యాను తిరుగుతోంది, కాకపోతే రెక్కలు నల్లగా బరువెక్కాయి. చివరికి వెనక గొట్టం మలుపు దగ్గర మూత విప్పాను. పొడిగా రాలే మసి అయితే బ్రష్షు తగిలితే పోతుంది. ఇది అలాంటిది కాదు. నల్లటి గాజులా గట్టిపడి, చేత్తో చరిచినా రాలనంత మందాన ఉంది. దారి నా బొటనవేలంత మిగిలింది. ఇక చూడాల్సింది ఒక్కటే. వంగి అడుగున గాలి పట్టీ చూశాను. అది సరిగ్గా నేను గీసిన ఎర్ర గీత మీద ఉంది. వెంట్రుకవాసి కూడా ఇటు రాలేదు, అటు పోలేదు.

ఆమె నాకు టీ తేవడానికి లోపలికి వెళ్ళింది. నా సంచిలో థిన్నరు సీసా ఉంది. గుడ్డకి రెండు చుక్కలు వేసి ఆ గీతని తుడిచేశాను. పట్టీని పూర్తిగా తెరిచేశాను. ఈ రెండు పనులకీ కలిపి ఆమె టీలో పంచదార కలిపినంత సేపు కూడా పట్టలేదు. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు కూడా. నా వీసా రెన్యూవల్ కాగితాలు ఆ నెల్లోనే మా వీసాలకి పూచీ ఉండే యజమాని, కఫీల్ బల్ల మీద ఉన్నాయి, ఏసీ వాడికి పొయ్యితో పనేమిటని అడిగితే నేనేం చెప్పను అనుకున్నాను. కారణాలు వెతికితే ఎన్నైనా దొరుకుతాయి. సిగ్గు పడాల్సిన విషయం ఏమిటంటే, అప్పుడు నేను కారణాలు కూడా వెతుక్కోలేదు. చెయ్యి దానంతట అదే గుడ్డ తీసుకుంది. ఆమె తెచ్చిన టీ తాగి, మూడు గంటలు గొట్టం గీకి, తోమి, ఆ గడ్డని గుల్లచేసే మందు పొడి వేసి కాల్చి, మళ్ళీ గీకి, అద్దంలా చేసి బిగించాను. పని మాత్రం నిజాయితీగా చేశాను, అది కూడా చెప్పాలి.

మా కంపెనీలో పని అయ్యాక రిపోర్టు రాసివ్వాలి. అందులో ‘కారణం’ అని ఒక గడి. మా ఫోర్‌మన్ ఉద్యోగంలో చేరిన రోజే అందరికీ నేర్పేవాడు, ఆ గడి ఖాళీగా ఉండకూడదు, అందులో మన కంపెనీ ఉండకూడదు. అందుకే ఏం జరిగినా ‘యూజర్’, అంటే వాడినవాళ్ళ తప్పు, అని రాసేవాళ్ళం. ఫిల్టరు మూసుకుపోతే యూజర్, వైరు కాలితే యూజర్, ఎలక కొరికితే కూడా ఒకతను యూజర్ అనే రాశాడు, ఆ ఎలకని తలుచుకుని క్యాంపులో నెలంతా నవ్వుకున్నాం. యూజర్ అంటే మాకు మనిషి కాదు, గడి నింపే మాట. ఆ రోజూ అదే రాశాను. గాలి తక్కువ పెట్టడం, యూజర్. రాసి మేడం కొడుకు చేతికిచ్చాను. అతను చదివి తల్లికి వినిపించాడు. అప్పటికి హాల్లో నలుగురమే ఉన్నాం, ఆ తల్లీ కొడుకూ, నేనూ, పేపర్లు ఎత్తుతున్న మా చెల్లె. మేడం “యూజర్ మినూ?” అంది. యూజర్ ఎవరు అని. ఆ ఇంట్లో ఆ పొయ్యిని ముట్టుకునే మనిషి ఒక్కతే. నేను నా స్పానర్లని సైజు ప్రకారం సర్దుకుంటున్నాను. ఆమె పేపర్లు కింద పెట్టి, వంగి పొయ్యి అడుగు వైపు ఒకసారి చూసి, నిలబడి, “ఆనా, మామా” అంది. నేనేనమ్మా అని. నా వైపు చూడలేదు. నా పేరు ఎత్తలేదు.

మూడోరోజుకి ఆమెని ఏజెన్సీ ఆఫీసుకి తిరిగి పంపించేశారు. అక్కణ్ణుంచి రిఫాలో వేరే ఇల్లు, ఆరుగురు పిల్లలు, కొత్త కాంట్రాక్టు, మళ్ళీ మొదటి నుంచి రెండేళ్ళు. మార్చి సెలవు లేదు, టిక్కెట్టు లేదు. ఇదంతా నాకు ఆ ఇంటి డ్రైవరు చెప్పాడు. వారం తర్వాత పొయ్యి ఎలా మండుతుందో చూడటానికి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి మేడంతో అసలు విషయం చెప్పేద్దామని దారంతా హిందీలో మాటలు కూర్చుకున్నాను. లోపలికి వెళ్ళేసరికి మంట పచ్చగా, బ్రహ్మాండంగా ఉంది. ముసలావిడ కుర్చీలోంచి నన్ను గుర్తుపట్టి, “వేన్ బింతీ?” అంది. నా కూతురేది అని. కొత్తగా వచ్చిన ఫిలిప్పీన్ పిల్ల ఆవిడ కాళ్ళకి మేజోళ్ళు తొడగబోతే విదిలించి కొట్టింది. నేను నోరు తెరిచేలోపు మేడం నా చేతిలో ఒక హల్వా డబ్బా పెట్టింది, కుంకుమపువ్వు వేసి చేసిన ఇక్కడి హల్వా. మా మేనేజరుకి ఫోన్ చేసి నన్ను మెచ్చుకుందట కూడా. నేను “షుక్రన్” అని థాంక్స్ చెప్పాను. ఆ హల్వాని రూములో అందరికీ పంచాను, నేనూ తిన్నాను. ఆ ఏడాదే నన్ను సూపర్‌వైజరుని చేశారు.

కానీ లోపల ఒక ఓదార్పు మిగుల్చుకున్నాను. ఆమె కావాలనే నా పేరు చెప్పలేదు, అన్న అనుకుంది కాబట్టి నన్ను కాపాడింది అని. ఇద్దరూ మునగడం కంటే ఒకరు మునగడం మేలని ఆలోచించి ఉంటుంది, తెలివైన మనిషి అని. ఎప్పుడో ఒకప్పుడు కలిసి, నీ రుణం తీర్చుకోలేను చెల్లె అని చేతులు పట్టుకుంటే సరిపోతుందని. ఇలా అనుకున్న రోజుల్లో నాకు నిద్ర కూడా బాగానే పట్టేది. తప్పు చేసినవాడు ఎంత సౌకర్యంగా కథలల్లుకుంటాడో నాకు నన్ను చూస్తేనే తెలిసింది.

ఉగాది దాటాక ఒక శుక్రవారం మనామాలో గుడి సందులో ఆమె ఎదురైంది. కొత్త ఇంటావిడ నెలకొకసారి రెండు గంటలు వదులుతుందట. చిక్కిపోయింది. నన్ను చూడగానే ముఖం విప్పారింది. “అన్నయ్యా! బాగున్నారా? యుమ్మా ఎలా ఉన్నారు? పొయ్యి బాగా మండుతోందా?” అని ఊపిరి తిప్పుకోకుండా అడిగింది. బాగానే ఉన్నారన్నాను. ఫోన్ తీసి కూతురి ఫొటో చూపించింది. కనకాంబరం రంగు ఓణీలో పిల్ల, పక్కన నానమ్మ. వీడియో కాల్‌లో చూశానంది. ముందు రోజంతా కట్టుకోనని గొడవ చేసిందట, అమ్మ ఫోన్లో ఉన్నంతసేపే కట్టుకుని, ఫోన్ పెట్టగానే విప్పేసిందట. చెబుతూ నవ్వింది. నేను ఇదే సమయమనుకున్నాను. “చెల్లె, ఆ దినం నువ్వు నా పేరు చెప్పకుంట...” అని మొదలుపెట్టాను.

ఆమె అర్థం కానట్టు చూసింది. “మీ పేరెందుకన్నయ్యా? మీరు చెప్పిన పద్ధతి మంచిదే కదా. నాకే చేతకాలేదు. మీరు గీత గీసి మరీ చూపించారు. ఆ రోజు వంగి చూస్తే గీతే లేదు. నేను రోజూ తడిగుడ్డ పెట్టి పొయ్యంతా తుడిచేదాన్ని కదండీ, నా చేత్తో నేనే చెరిపేసుకుని ఉంటాను. గీత కనపడక పట్టీ ఎక్కువ జరిపేసి ఉంటాను. యుమ్మాకి ఏమన్నా అయ్యుంటే నేనేమైపోయేదాన్ని? అది గుర్తొచ్చి ఇప్పటికీ ఏ పొయ్యైనా రెండుసార్లు చూసుకుంటాను” అంది. అని, నా ముఖం చూసి, నేను తన కోసం బాధపడుతున్నాననుకుంది కాబోలు, “పోనీలెండి అన్నయ్యా, నా రాత. నా వల్ల మీకు కూడా మాట వచ్చిందా?” అని అడిగింది.

ఆమె నన్ను కాపాడలేదు. నమ్మింది. నేను గీసిన గీతనీ నమ్మింది, అది కనిపించకపోతే తన కళ్ళనీ చేతులనీ అనుమానించింది గానీ నన్ను అనుమానించలేదు. పట్టీ గీత మీదే ఉంది చెల్లె, చెరిపింది నేను, నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు. ఇంతే చెప్పాల్సింది. సందులో పూలమ్మే అతను మమ్మల్ని పక్కకి జరగమన్నాడు, జరిగాం. ఆమె జవాబు కోసం చూస్తోంది. నేను, “అయ్యుంటది చెల్లె. గీత చెరిగిపోయి ఉంటది” అన్నాను. థిన్నరు గుడ్డ తీసినప్పుడు నా చెయ్యి నన్నడగలేదు అన్నాను కదా, ఈ మాట మాత్రం నేను ఆలోచించే అన్నాను. గీత తుడవడం కంటే ఇది పెద్దది. దీనికి ఏ కారణం రాయాలో నాకు తెలియదు. ఆమె తల ఊపి, వ్యాను వచ్చే వేళయిందని, ఒంట్లో జాగ్రత్తని చెప్పి వెళ్ళిపోయింది.

తర్వాత రిఫాలో కాంట్రాక్టు అయిపోగానే ఆమె మళ్ళీ రాకుండా ఊరెళ్ళిపోయిందని విన్నాను. నా దగ్గరున్న నంబరు ఎప్పుడో ఆగిపోయింది. ఊరి పేరు ఒకసారి చెప్పింది, నేను సరిగా వినలేదు, ఊకపొయ్యి గురించి వాదిస్తున్నాను. ఎక్కడో ఆ కోనసీమలో ఒకామె, పొయ్యి వెలిగించినప్పుడల్లా ఒక ముసలావిడని చంపబోయానని అనుకుంటూ ఉండవచ్చు. ఆ రోజు గుడి సందులో నిజం చెప్పడానికి నాకు ఒక్క నిమిషం సరిపోయేది. ఆమె వెళ్ళిపోయిన ఈ ఏడేళ్ళుగా నా దగ్గర నిమిషాలకేం తక్కువ లేదు, వినాల్సిన మనిషే లేదు.